ఝంగర్ వీరుడు బ్రిగేడియర్ ఉస్మాన్

పారాషూటు సైనికుడనగానే విమానమునుండి దుమికి, గొడుగు విప్పుకొని, శత్రువుల నడుమ దిగెడు సాహసికుని రూపము మన కన్నులయెదుట నిలుచును. కాని 1947-48 సంవత్సరములలో కాశ్మీర రంగమున పోరాడిన మన 50వ పారాషూటు బ్రిగేడువారికి గొడుగులతో పనియే కలుగలేదు. వారు జమ్మూనుండి పడమరగా కొండదారులవెంట పోయి, గడ్డకట్టు చలిలో కందకములు త్రవ్వుకొని, తక్కిన పదాతులవలెనే నేలమీద నిలిచి పోరాడిరి. ఆ బ్రిగేడునకు ఇది క్రొత్త కాదు. 1944 మార్చిలో మణిపురపు కొండలలో సంగ్‌షాక్ వద్ద జపాను సేనలను దాదాపు వారము దినములు నిలువరించినప్పుడును వారు పోరాడినది కాళ్ళమీద నిలిచియే. గొడుగు సైనికునికి అసలు శిక్షణ దుముకుట యందు కాదు, దుమికిన తరువాత వెనుదారి లేనిచోట నిలుచుట యందు. అట్లు నిలిచి, 1948 జూలై 3వ తేదీన ఝంగర్‌లో ప్రాణములు విడిచిన ఆ బ్రిగేడు నాయకుడే మహమ్మద్ ఉస్మాన్. నౌషేరా సింహమని ఆయనకు సైన్యములోను ప్రజలలోను పేరు.

ఆయన 1912 జూలై 15వ తేదీన నాటి సంయుక్తరాష్ట్రములలోని ఆజంగఢ్ జిల్లా బీబీపూర్ గ్రామమున జన్మించెను. తండ్రి మహమ్మద్ ఫారూఖ్ పోలీసు శాఖలో ఉద్యోగి, కాశీ పట్టణమునకు కొత్వాలుగా పనిచేసినవాడు. బాలుడు కాశీలోని హరిశ్చంద్ర పాఠశాలలో చదివెను. హిందువుల పుణ్యక్షేత్రమున, సత్యసంధుడగు రాజు పేరు పెట్టుకొన్న బడిలో, ముస్లిము కొత్వాలుగారి కుమారుడు అక్షరములు దిద్దుకొనుట ఆ దినములలో ఎవ్వరికిని వింతగా తోచలేదు. ఈ సంగతి చిన్నదే. కాని ముప్పదియైదేండ్ల వయస్సున ఆయన చేసిన నిర్ణయమునకు మూలము వెదకువారు ఈ బడివరకు పోకతప్పదు.

పండ్రెండేండ్ల వయస్సున ఉస్మాన్ త్రోవను పోవుచుండగా ఒక బావిచుట్టు జనము గుమిగూడియుండుట కనబడెను. ఒక బిడ్డ నూతిలో పడెను. పెద్దలు కేకలు వేయుచుండిరేగాని దిగువాడు లేడు. అతడు తటాలున లోనికి దుమికి బిడ్డను రక్షించెను. మహాపురుషుల బాల్యమునుగూర్చి ఇట్టి కథలు పుట్టుట సహజమేగాని, ఈ కథ మాత్రము ఆయన తరువాతి నడవడితో చక్కగా పొసగుచున్నది.

ఆ బాలునికి ఒక లోపముండెను. అది నత్తి. మాట నోటనుండి వెడలుటకు ఎంతో ప్రయాసపడవలసివచ్చెడిది. నత్తివానికి పెద్ద పరిపాలనోద్యోగము దొరకదని తలచి, పోలీసు శాఖలోనైనను చేర్పింపవలెనని తండ్రి కొడుకును వెంటబెట్టుకొని తన పైయధికారియగు ఆంగ్లేయునికడకు పోయెను. దైవవశమున ఆ దొరకును నత్తియే. ఆయన నత్తితో ప్రశ్నింప, ఉస్మాన్ నత్తితోనే బదులు చెప్పెను. కుఱ్ఱవాడు తన్ను వెక్కిరించుచున్నాడని దొర మండిపడెను. పోలీసు ఉద్యోగపు ఆశ అంతటితో ముగిసెనని చెప్పుదురు. కాశీలో మరియొక కొత్వాలు కావలసినవాడు దొరగారి కోపమువలన సైన్యముదారి పట్టెనన్నమాట.

సైనికాధికారి కావలెనన్న కోరిక కలిగిన తరువాత ఉస్మాన్ వెనుదిరిగి చూడలేదు. నాడు భారతీయులకు ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయమున ప్రవేశము లభించుట మిక్కిలి కష్టము. గట్టి పోటీలో నెగ్గి 1932లో ఆయన అచ్చటికి పోయెను. ఆ సంవత్సరముననే డెహ్రాడూన్‌లో భారత సైనిక విద్యాలయము తెరువబడుటచే భారతీయులు శాండ్‌హర్స్ట్‌నకు పోవుట అంతటితో నిలిచిపోయెను. 1934 ఫిబ్రవరి 1వ తేదీన అధికారపత్రము పొంది, పద్ధతి ప్రకారము ఒక యేడు బ్రిటిషు పటాలములో పనిచేసి, 1935లో 10వ బలూచ్ రెజిమెంటున చేరెను. వాయవ్య సరిహద్దున మొహమందు తెగలపై జరిగిన దండయాత్రలోను, రెండవ ప్రపంచయుద్ధమున బర్మాలోను పనిచేసెను. 1945 ఏప్రిల్ మొదలు ఒక సంవత్సరము బలూచ్ పటాలమొకదానికి తానే నాయకుడై నడపెను. పదాతిదళమునుండి పారాషూటు దళములకు వచ్చి, దేశవిభజన నాటికి బ్రిగేడియర్ పదవి నందుకొనెను. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు.

1947 ఆగస్టులో భూములను, నదులను, రైళ్ళను, కచ్చేరీలలోని కుర్చీలను బల్లలను పంచుకొన్నట్లే సైన్యమునుకూడ పంచుకొనిరి. ఏ రెజిమెంటు ఎటు పోవలెనో కాగితములమీద తేల్చిరి. బలూచ్ రెజిమెంటు పాకిస్తాను పాలికి పోయెను. ముస్లిము అధికారులలో పెక్కురు ఆవలికి పోవుటకే నిశ్చయించుకొనిరి. ఉస్మాన్ రెండు విధముల ఆవలివాడేయని అందరును తలచిరి. మతముచే ముస్లిము, ఉద్యోగముచే బలూచీ. జిన్నా, లియాకత్ అలీఖాన్ వంటి పెద్దలే ఆయనకు నచ్చజెప్పజూచిరనియు, వచ్చినచో ముందుముందు సైన్యాధిపత్యమే దక్కగలదని ఆశ చూపిరనియు ప్రతీతి. అది వట్టి ఆశ అని కొట్టివేయుటకు వీలులేదు. ఆయన తరమువాడే, అదే కాలమున డెహ్రాడూన్‌లో మొదటి జట్టున చేరినవాడే మహమ్మద్ మూసా 1958లో పాకిస్తాను సేనాధిపతి యయ్యెను. ఆ జట్టులోనివాడే మానెక్‌షా 1969లో భారత సేనాధిపతి యయ్యెను. ఉస్మాన్ ముందు తెరచియున్న మార్గమెంత విశాలమో ఈ రెండు పేర్లనుబట్టి తెలియును.

ఆయన భారతదేశముననే యుండెను. దీనిని గొప్ప త్యాగమని కొనియాడుట వాడుకయైనది. కాని ఆయన దానిని త్యాగముగా భావించిన జాడ ఎచ్చటను కానరాదు. పుట్టిన పల్లె ఇచ్చట, చదివిన బడి ఇచ్చట, తండ్రి కొత్వాలుతనము చేసిన వీధులు ఇచ్చట ఉండగా మరియొక దేశమును తనదని ఎట్లనుకొనవలెనో ఆయనకు బోధపడియుండదు. త్యాగమన్నది ఏదేని యున్నచో అది మరియొకచోట కలదు. సైనికునికి రెజిమెంటు పుట్టిల్లువంటిది. పండ్రెండేండ్లు ఏ బలూచ్ జెండాక్రింద బ్రదికెనో, బర్మా అడవులలో ఏ జవానులతో కలసి తిరిగెనో, వారందరు ఒక్కనాటిలో పరాయిదేశపు సైనికులైరి. ఆయనను డోగ్రా రెజిమెంటునకు మార్చిరి.

మరియొక సంగతి మరువరాదు. అది పంజాబు రక్తసిక్తమైన సమయము. ఆయన ఆజ్ఞకు లోబడి నడువవలసిన జవానులలో పెక్కురు హిందువులు, సిక్కులు. ఇల్లువాకిళ్ళు తగులబడినవారు, అయినవారిని పోగొట్టుకొన్నవారు వారిలో ఉండిరి. తమ నాయకుడు ముస్లిమైనప్పుడు వారిలో కొందరికైనను శంక కలిగియుండదా? ఉపన్యాసములతో తొలగు శంక కాదది. ఆయన ఉపన్యాసకుడును కాడు. రేయింబవళ్ళు వారితో కందకములలో తిరిగి, వారు నిద్రించునట్లు నిద్రించి, చలిని గుండ్లను వారితో పంచుకొని ఆయన ఆ శంకను పోగొట్టెను.

1947 అక్టోబరు 22వ తేదీన కాశ్మీరముపై ఆక్రమణ ఆరంభమయ్యెను. 26వ తేదీన మహారాజు సంస్థానమును భారతదేశమున విలీనముచేయ, 27వ తేదీన మన సేన శ్రీనగరమున దిగెను. శ్రీనగరపు కథ ఎల్లరకు తెలిసినదే. దక్షిణమున జమ్మూ ప్రాంతమున జరిగిన పోరు అంతగా ప్రచారమునకు రాలేదు. అచ్చట మీర్పూర్‌నుండి వచ్చు బాటయు, కోట్లీనుండి వచ్చు బాటయు కలియు కూడలిలో ఝంగర్ అను చిన్న ఊరు కలదు. ఝంగర్‌కు తూర్పున నౌషేరా. ఝంగర్ చేతిలోనున్నవానికి నౌషేరా త్రోవ తెరచినట్లే. నౌషేరా పడిపోయినచో జమ్మూ పట్టణమునకే ముప్పు.

77వ పారాషూటు బ్రిగేడునకు నాయకుడైన ఉస్మాన్‌ను డిసెంబరులో 50వ బ్రిగేడునకు మార్చి ఈ రంగమునకు పంపిరి. ఆయన వచ్చిన కొలదిదినములకే, డిసెంబరు 24వ తేదీన, వేలకొలది శత్రువులు ఒక్కుమ్మడిగా పైబడగా ఝంగర్‌లోని మన చిన్నదళము నిలువలేకపోయెను. ఊరు చేజారెను. క్రొత్త నాయకునికి ఇంతకంటె చేదైన ఆరంభముండునా? అందును, ఇటువంటి సమయమున, ఇటువంటి పేరుగల నాయకునికి! ఆయన సాకులు వెదకలేదు. ఝంగర్‌ను మరల పట్టుకొనువరకు మంచముపై పరుండనని ప్రతిన పూనెను.

మన భారతమున ప్రతినలకు కొరతలేదు. భీముని ప్రతినకు భూమ్యాకాశములు దద్దరిల్లెను. ఉస్మాన్ ప్రతిన అంత పెద్ద చప్పుడు చేయలేదు. ఆ కొండలలో డిసెంబరు, జనవరి మాసముల చలి యెట్టిదో ఎరిగినవారికే నేలపై చాప పరచుకొని పరుండుటయందలి కష్టము తెలియును. బ్రిగేడు నాయకుడు చాపమీద పరుండుచున్నాడను సంగతి జవానులందరికి తెలిసెను.

నౌషేరా అప్పుడు ఒక దీవివలె నుండెను. చుట్టునున్న కొండలనుండి ఊరిపై శత్రువుల కన్ను పడుచునేయుండెను. ఉస్మాన్ మొదట చేసినపని ఊరిచుట్టు మెట్టలను ఒక్కొక్కటిగా కైవసము చేసికొని కాపుదల యేర్పరచుట. జనవరిలో పశ్చిమ సేనానాయకత్వమును స్వీకరించిన జనరల్ కరియప్ప నౌషేరాకు వచ్చి రక్షణలను తనిఖీచేసి, నౌషేరాకు సమీపముననున్న కోట్ అను ఎత్తైన స్థలమును తనకు కానుకగా ఇమ్మని ఉస్మాన్‌ను అడిగెనట. ఉస్మాన్ ఒప్పుకొనెను. జనవరి 30వ తేదీన ఢిల్లీలో మహాత్ముడు నేలకొరిగెను. రెండు దినములకే, ఫిబ్రవరి 1వ తేదీ తెల్లవారుజామున, ఉస్మాన్ సేనలు కోట్‌ను పట్టుకొనెను. ఐతే ఊరిలోని ఇండ్లను పూర్తిగ వెదకకయే గెలిచితిమని తెలిపిరి. ఇండ్లలో నిదురించుచున్న శత్రువులు లేచి తిరుగబడగా అరగంటలో కోట్ చేజారెను. ఇట్టిది జరుగవచ్చునని ముందే తలచి ఉస్మాన్ రెండు కంపెనీలను వెనుక నిలిపియుంచెను. అవి కదలినంతనే కోట్ మరల మనదయ్యెను. సాహసవంతులు పెక్కురుందురు. తనవారు పొరపడవచ్చునని ఎరిగి, ఆ పొరపాటునకు ముందుగనే మందు సిద్ధముచేసికొనువాడు అరుదు. ఆయన సేనానాయకత్వమునకు ఈ చిన్న సంఘటనయే పెద్ద నిదర్శనము.

అయిదు దినములైనవి. ఫిబ్రవరి 6వ తేదీ ఉదయమున పదివేలకు మించిన శత్రువులు నౌషేరాపై విరుచుకొనిపడిరి. పలువైపులనుండి వచ్చిన ఆ దాడిలో తైన్‌ధార్ అను కొండపై పోరు అతిఘోరము. అచ్చటి రెండవ సంఖ్య కాపుదల ఠాణాలో 1వ రాజపుత్ర పటాలమునకు చెందిన ఇరువదియేడుగురుండిరి. వారిలో ఇరువదినలుగురు చనిపోవుటయో తీవ్రముగ గాయపడుటయో జరిగెను. ముందుభాగమున తొమ్మండుగురితో నిలిచిన నాయక్ జదునాథసింగ్, తనవారందరు పడిపోయిన పిదపకూడ ఒంటరిగ ఎదురేగి వీరస్వర్గమలంకరించెను. ఆయనకు మరణానంతరము పరమవీరచక్రము లభించెను. తక్క సమయమునకు ఉస్మాన్ పంపిన అదనపు బలము అందుటచే తైన్‌ధార్ దక్కెను. ఆ దినమున మనవైపు ముప్పదిముగ్గురు మరణించిరి, నూటయిద్దరు గాయపడిరి. శత్రువుల నష్టము దీనికి ఎన్నోరెట్లు. ఆ రంగమున యుద్ధగతి అప్పటినుండి మారెను. ఉస్మాన్ తలకు ఏబదివేల రూపాయల వెల కట్టిరని చెప్పుదురు. ఆ కాలమున ఏబదివేలన్న చిన్న మొత్తము కాదు.

ఉపాధ్యాయులు ప్రత్యేకించి తెలిసికొనదగిన సంగతి యొకటి నౌషేరాలో జరిగెను. చుట్టుపట్ల ఊళ్ళు తగులబడగా తలిదండ్రులను పోగొట్టుకొన్న బాలురు పలువురు నౌషేరా చేరియుండిరి. ఆరేండ్లు మొదలు పండ్రెండేండ్లవరకు గల పిల్లలు, ఆలనపాలన లేక సైనిక శిబిరముల చుట్టు తిరుగుచుండెడివారు. యుద్ధమధ్యమున ఇట్టి పిల్లలను తరిమివేయుట సులభము. ఉస్మాన్ వారిని చేరదీసి, తిండియు బట్టయు ఏర్పరచి, చదువు చెప్పించి, కవాతు నేర్పించి, వారికి బాలసేన అని పేరుపెట్టెను. ఫిబ్రవరి పోరులో ఆ బాలురు కొందరు గుండ్లవానలో ఒక ఠాణానుండి మరియొక ఠాణాకు వార్తలు చేరవేసిరి. వారిలో ముగ్గురికి ప్రధానమంత్రి నెహ్రూ బంగారు గడియారములు బహూకరించెను. పసివారిని గుండ్లమధ్యకు పంపుట తగునా యను ప్రశ్న నేటి పాఠకునికి కలుగకమానదు. కలుగవలసినదే. ఐతే నౌషేరాలో ఆనాడు గుండ్లు పడని చోటు లేదనియు, ఆ బిడ్డలకు ఆ శిబిరము తప్ప వేరు ఇల్లు లేదనియు కూడ గుర్తుంచుకొనవలెను.

ఉస్మాన్ వివాహము చేసికొనలేదు. మద్యము ముట్టలేదు. జీతములో చాలభాగము బీదపిల్లల పోషణకు, బడి రుసుములకు వెచ్చించెడివాడు. నత్తిచే పోలీసు ఉద్యోగము పోగొట్టుకొన్న కుఱ్ఱవాడు ఎదిగి, దిక్కులేని కుఱ్ఱలను వెదకి పట్టుకొనెను.

ఇక మిగిలినది ఝంగర్. మార్చి నెలలో 50వ పారాషూటు బ్రిగేడును, 19వ పదాతి బ్రిగేడును కలసి ముందునకు సాగెను. ఆ దండయాత్రకు విజయ్ అని పేరు. కదలుటకు ముందు ఉస్మాన్ తన సైనికులకు ఒక ప్రకటన జారీచేసి, ఎప్పుడో ఒకనాడు ఎల్లరకు తప్పని చావునుగూర్చి ఆంగ్లరచయిత మెకాలే వ్రాసిన పద్యపంక్తులను అందు చేర్చెను. కొండకొండకు పోరాడుచు, దారిలో శత్రువులు అడ్డుపెట్టిన వానినెల్ల తొలగించుకొనుచు పోయి, మార్చి 18వ తేదీన మనవారు ఝంగర్‌ను తిరిగి పట్టుకొనిరి. అది చేజారి మూడు నెలలు కాలేదు.

ప్రతిన చెల్లెను. ఇక బ్రిగేడియరుగారు మంచమెక్కవలెను. తీరా చూడగా శిబిరమున మంచమే లేదు! అప్పటికప్పుడు సమీపపు ఊరినుండి ఒక మంచమును ఎరువు తెచ్చి వేసిరట. ఆ రాత్రి ఆయన దానిపై పరుండెను.

అటుపిమ్మట ఝంగర్‌ను మరల లాగుకొనుటకు శత్రువులు పెక్కుమార్లు యత్నించిరి. ఇప్పుడు వచ్చినవారు కేవలము తెగలవారు కారు; పాకిస్తాను సైనికులును, వారి ఫిరంగులును వచ్చెను. ఒక్కయత్నమును ఫలింపలేదు. ఐనను ఫిరంగిగుండ్లు దినదినము పడుచునేయుండెను.

జూలై 3వ తేదీ సాయంకాలము. ప్రతిదినమువలెనే ఉస్మాన్ తన అధికారులతో సమావేశము ముగించెను. ఆరుగంటలకు కొంచెము ముందు, గుండ్లు ఒకదానివెంట ఒకటి శిబిరముపై పడనారంభించెను. అందరు ఒక బండచాటున చేరిరి. ఉస్మాన్ ఆ గుండ్లు ఏ దిక్కునుండి వచ్చుచున్నవో గమనించి, మన ఫిరంగులను అటు త్రిప్పి కాల్పించుటకు ఆజ్ఞలిచ్చెను. ఇంతలో వార్తలు పంపు సంకేతదళపు జవానులు బయట పనిలో నుండుట ఆయన కంటబడెను. వారిని హెచ్చరించుటకై ఆయన చాటునుండి వెడలెనని అచ్చటివారు చెప్పిరి. 25 పౌండ్ల ఫిరంగిగుండొకటి ప్రక్కనే పడి పగిలెను. ఉస్మాన్ అచ్చటనే ఒరిగెను. పండ్రెండు దినములలో ఆయనకు ముప్పదియారేండ్లు నిండవలసియుండెను.

బావిలో పడిన బిడ్డకొరకు దుమికిన బాలుడును, సంకేతదళపు జవానులకొరకు బండచాటు విడిచిన బ్రిగేడియరును ఒక్కడే. యుద్ధకళ నెరిగిన పెద్దలలో కొందరు, అంతటి నాయకుడు అట్లు బయటికి రావలసినది కాదందురు. వారి మాట శాస్త్రసమ్మతమే. కాని అట్లు రాకుండ నుండగలిగినవాడైనచో ఆయన ఉస్మాన్ కాకపోవును.

ఆయన భౌతికకాయమును జమ్మూకును, అచ్చటినుండి ఢిల్లీకిని విమానమున కొనివచ్చిరి. ఆ యుద్ధమున అంతవరకు మరణించిన మన సైనికాధికారులలో ఆయనయే పెద్దపదవియందున్నవాడు. సకల రాజలాంఛనములతో జరిగిన అంత్యయాత్రకు ప్రధానమంత్రి నెహ్రూ తన మంత్రివర్గముతో వచ్చెను. యమునాతీరమున ఓఖ్లాలో, జామియా మిలియా ఇస్లామియా విద్యాలయపు ఆవరణలో ఆయనను సమాధిచేసిరి. మహావీరచక్ర పురస్కారము మరణానంతరము లభించెను. 2020లో ఆ సమాధి పగిలియుండుట వార్తలకెక్కగా, సైన్యము దానిని బాగుచేయించెను. చెంతనే నిత్యము వేలకొలది విద్యార్థులు నడచు చోటది. వారిలో ఎందరు ఆగి ఆ పేరు చదువుదురో!

1949 జనవరి 1వ తేదీన కాల్పులు ఆగినప్పుడు, దక్షిణమున గీచిన రేఖ ఝంగర్‌ను ఈవలనే యుంచెను. మీర్పూర్, కోట్లీ ఆవల నిలిచిపోయెను. ఆయన ఒరిగిన చోట స్మారకమును నెలకొల్పిరి. ఏటేట జూలై 3వ తేదీన పారాషూటు సైనికులును, నౌషేరా ప్రాంతపు ప్రజలును అచ్చటికి వచ్చి పూలు ఉంచిపోవుదురు.